కుడి వెనక కాలు

యలమందకి ఒక చిక్కు వచ్చిపడింది. ఎవరితో చెప్పుకోవాలో తెలియక చివరికి గురువు దగ్గరే నోరు తెరిచాడు.

"తాతా, పొద్దుట్నించి సాయంత్రం దాకా సుత్తి పట్టుకుంటే నాలుగు జతల ఎడ్లకి లాడాలు కొడతన్నా. ఆ కూలి ఇంట్లోకి బియ్యానికి, ఉప్పుకి చాలుద్ది. అదే పందెం కాడ కూచుని ఒక్క మాట చెబితే నెల కూలి ఒక్క పూటలో వచ్చుద్ది. చెయ్యీ నాదే, మాటా నాదే. ఇందులో ఏది నా పని?"

సిలార్ తాత గోనెపట్టా మీద కూచుని జపమాల పూసలు తిప్పుకుంటున్నాడు. అడిగిందంతా విన్నాడు. విని, ఎదురుగా పడుకోబెట్టి ఉన్న ఎద్దు వైపు గడ్డంతో చూపించాడు.

"ముందు కాలుకి ఒక మేకు వంచలా. చూసుకో."

యలమంద చూశాడు. నిజమే, గిట్టలోంచి మేకు మొన బయటికి పొడుచుకుని ఉంది. దాన్ని కత్తిరించి వంచాడు. ఎద్దు లేచింది, రైతు డబ్బులిచ్చి తోలుకుపోయాడు. అడిగిన మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

తాత జవాబులు ఎప్పుడూ అంతే. అది జవాబో కాదో తెలిసేది కాదు.

సిలార్ తాతని ఆ చుట్టుపక్కల కొందరు ఫకీరు అనేవాళ్లు, కొందరు లాడాల సాయిబు అనేవాళ్లు. పశువుల సంతకి పోయే దారిలో రేకుల పందిరి ఆయనది. గురువారం సాంబ్రాణి వేసి, ఎవరొస్తే వాళ్ల చేతిలో చిటికెడు చక్కెర పెట్టేవాడు. మనసు బాగాలేనివాళ్లు వచ్చి ఆ పక్కన కాసేపు కూచుని పోయేవాళ్లు. ఆయన ఏమీ చెప్పేవాడు కాదు. ఎద్దు కాలు పట్టుకోమని తాడు చేతికిచ్చేవాడు, అంతే.

యలమంద అట్లా వచ్చినవాడే. పదకొండేళ్ల కింద ఏదో దిగులుతో వచ్చి తాడు పట్టుకున్నాడు. మళ్లీ వదల్లేదు. గురువూ ఆయనే, పని నేర్పిందీ ఆయనే.

పని చూసేవాళ్లకి తేలిగ్గా కనపడుద్ది. ఎద్దు గిట్టకి రెండు చీలికలు. ఒక్కో చీలికకి ఒక్కో లాడం. అంటే నాలుగు కాళ్లకి ఎనిమిది. మన గోరు ఎట్లానో గిట్ట అంచు అట్లా, ఆ గోరులోనే మేకు ఏటవాలుగా పోవాలి. వెంట్రుకంత లోపలికి పోయిందా, ప్రాణం ఉన్న చోట తగులుద్ది. అందుకని మేకు కొట్టే ముందు చిన్న సుత్తితో గిట్ట చుట్టూ తట్టి వింటారు. మంచి గిట్ట ఎండు కొబ్బరిచిప్ప మీద కొట్టినట్టు పలుకుద్ది. లోపల దెబ్బ ఉంటే నానిన చెక్క మీద కొట్టినట్టు ఉంటది.

"చూపు కంటే చెవి ముందు," అని తాత మొదటిరోజే చెప్పాడు. ఆయన నోటితో చెప్పిన కొద్ది మాటల్లో అదొకటి.

మూడేళ్ల కింద ఒకరోజు తాత తన సుత్తి తీసి యలమంద చేతిలో పెట్టాడు. "ఇంక నువ్వు కొట్టు," అన్నాడు. ముసలితనం, చేతులు వణుకుతున్నాయేమో అనుకున్నారు అందరూ. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు కొంచెం వణికేవి కూడా.

అప్పట్నించి పందేల ఎడ్లు కూడా యలమంద చేతి కిందకే వచ్చాయి.

ఆ వైపు తిరునాళ్లు జరిగితే బండలాగుడు ఉండాల్సిందే. పెద్ద రాతి బండకి ఎడ్ల జతని కట్టి తోలుతారు. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎక్కువ అడుగుల దూరం లాగితే దానికి మొదటి బహుమతి. బహుమతి రైతుకి. చుట్టూ నిలబడి చూసేవాళ్లలో సగం మంది జేబులో ఇంకో పందెం ఉంటది.

యలమంద ఆ పందేల్లో దిగింది సరదాకి కాదు. అతని దగ్గర ఒక కిటుకు ఉంది. ఎద్దు కాలుకి అరిగిపోయిన పాత లాడాల్ని అందరూ పాత ఇనుము వాడికి వేస్తారు. యలమంద వెయ్యలేదు. ఏ ఎద్దువి ఆ ఎద్దుకి విడివిడిగా తీగకి గుచ్చి పందిట్లో వేలాడదీశాడు. మనసు పెట్టి లాగే ఎద్దుకి వెనక లాడాల ముందు అంచు అరుగుద్ది. బరువంతా పక్క ఎద్దు మీద వదిలేసి ఊరికే నడిచే దానికి లాడం కొత్తదిలా ఉంటది. భయపడేది మడమ మీద తొక్కుద్ది. ఆ ఇనప ముక్కల్ని చూసి ఏ జత ఎంత లాగుద్దో చెప్పేవాడు.

అన్నిటికీ కట్టేవాడు కాదు. పది జతలు దిగితే అతనికి తెలిసేది రెండో మూడో. అప్పుడే కట్టేవాడు, అదీ చేతిలో ఉన్నదాంట్లో కొంతే. తెలియనప్పుడు శనక్కాయలు తింటా కూచునేవాడు. తాగడు. ఓడినరోజు మళ్లీ రాబట్టుకోవాలని ఎగబడడు. అందుకే రెండేళ్లలో పోగొట్టుకున్న దానికంటే తెచ్చుకున్నదే ఎక్కువ.

ఆ డబ్బుతో అతనికి ఒక కోరిక పుట్టింది. లాడాలు కత్తిరించే మిషను కొనాలి. తనే లాడాలు తయారుచేసి పది సంతల్లో అమ్మాలి. చేత్తో కొట్టుకుంటా కూచుంటే ఎప్పటికి కొంటాడు?

ఆ మాటా తాతతో అన్నాడు.

తాత పందిట్లో ఉన్న సామాన్లు ఒక్కొక్కటీ చూపించాడు. "ఊరికి వచ్చినప్పుడు నా కాడ ఈ సుత్తి ఒక్కటే ఉంది. ఈ పటకారుని సుత్తి కొనింది. ఆ కొలిమిని పటకారు కొనింది. ఈ రేకుల్ని కొలిమి కొనింది."

"ఆ లెక్కన నా మిషను నా మనవడు కొంటాడు తాతా. నాకింకా పెళ్లే కాలా."

తాత నవ్వాడు. పళ్లు లేవు కాబట్టి ఆ నవ్వు పసిపిల్లల నవ్వులా ఉంటది. ఇది ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా? యలమందకి తెలియలేదు.

*

గొల్లపాడు తిరునాళ్లు శనివారం. గురువారం పొద్దున్నే నాసరయ్య తన జతని తోలుకొచ్చాడు.

నాసరయ్యది చిన్న సేద్యం, పెద్ద నోరు. దొర, బంగారి అని రెండు కోడెల్ని దూడలప్పట్నించి సాకాడు. ఆ ఏడు రెండు తిరునాళ్లలో వాటిదే మొదటి బహుమతి. గొల్లపాట్లో కూడా వాటిదే అని అందరి నోటా అదే మాట.

"మా ఇంటిది ఏమందో తెలుసా తాతా?" అంటా వచ్చాడు. "'ఆ దొరకి పెట్టే ఉలవలు నాకు పెట్టు, ఆ బండ నేనే లాగుతా' అంది. పలుపు ఏస్తానంటే చీపురు తీసింది."

తాత నవ్వాడు. యలమంద బంగారికి పని ముగించి, దొర కాళ్లకి తాడు వేసి పక్కకి పడుకోబెట్టాడు. నాసరయ్య దొర మెడ మీద చెయ్యి వేసి కూచుని మాట్లాడతానే ఉన్నాడు. పోయినసారి ఎన్ని అడుగులు లాగింది, రెండో బహుమతి వచ్చిన జత రైతు మొహం ఎట్లా పెట్టాడు.

కుడి వెనక కాలు దగ్గర యలమంద చెయ్యి ఆగింది.

పాత లాడం తీసి, కత్తితో మట్టి గీకాడు. బయటి చీలికలో వెంట్రుకంత సన్నని పగులు. బొటనవేలు పెట్టి చూశాడు, వెచ్చగా తగిలింది. కొంచెం నొక్కితే దొర తాళ్లలోనే గింజుకుంది. చిన్న సుత్తి తీసుకుని తట్టాడు.

నానిన చెక్క.

"ఏందిరా ఆగావు?" అన్నాడు నాసరయ్య.

"ఏం లేదు మావా."

ఆ మాట అతను అనుకుని అన్నది కాదు. పొయ్యి మీద పాలు పొంగినట్టు పైకొచ్చేసింది. పొంగినాక ఏం చేస్తాం. నాసరయ్య మళ్లీ తన కథలో పడిపోయాడు.

యలమంద పక్కకి చూశాడు. తాత చెయ్యి చాపితే అందేంత దూరంలో కళ్లు మూసుకుని కూచుని ఉన్నాడు. వేళ్ల మధ్య పూసలు కదులుతున్నాయి. అవి ఆగలేదు.

విన్నాడా? యాభై ఏళ్లు గిట్టల శబ్దం విన్న మనిషి. వినకుండా ఎట్లా ఉంటాడు? వింటే ఎందుకు ఊరుకుంటాడు?

పగులుకి దూరంగా జాగ్రత్తగా మేకులు కొట్టాడు. ఒక్క మేకు కూడా వంకర పోలేదు. లాడాలు కొట్టమన్నారు, కొట్టాను, పనిలో వంక లేదు అని మనసులో అనుకున్నాడు. రెండుసార్లు అనుకున్నాడు.

దొర లేచి నిలబడింది. కుడి వెనక కాలు ఒకసారి ఎత్తి, దించింది. నాసరయ్య దాన్ని ముద్దు పెట్టుకుని తోలుకుపోయాడు.

మధ్యాహ్నం రోశయ్య మోటారు సైకిల్ మీద వచ్చాడు. తిరునాళ్లలో పందేలు రాసుకునేది అతనే.

"ఈసారి ఏం చెబుతావురా? అందరూ నాసరయ్య ఎడ్ల మీద పడ్డారు. నాకేం మిగలదు."

"అవి మొదటిది రావని కడితే ఎంత?"

రోశయ్య బండి ఆపేశాడు. "రూపాయికి నాలుగు. పిచ్చా నీకు? లాడం కొట్టిందే నువ్వు గదరా. నీకేమన్నా తెలుసా?"

"ఏం లేదు."

"నీ పందెం తీసుకున్న రోజు నాకు అన్నం సయించదు," అన్నాడు రోశయ్య. "సరే, తిరునాళ్లలో డబ్బు చేతిలో పెట్టు, రాసుకుంటా. గెలిచేవాడి దగ్గర నోటి మాట తీసుకోకూడదు."

యలమంద ఆ సాయంత్రం తను దాచిందంతా బయటికి తీశాడు. ఇన్నాళ్లూ కొంతే కట్టినవాడు ఈసారి మొత్తం కట్టాలనుకున్నాడు. ఇది గెలిస్తే మిషను వచ్చేస్తది. ఇక పందేలతో పనే ఉండదు. మానేయటానికే కడతన్నా అనుకున్నాడు. ఆ మాట అతనికే కొంచెం వింతగా వినబడింది.

*

శనివారం పొద్దున చొక్కా తొడుక్కుని బయల్దేరబోతుంటే తాత పిలిచాడు. చేతిలో పాత జర్దా డబ్బా ఉంది.

ఆ డబ్బా సంగతి యలమందకి తెలుసు. పదకొండేళ్లుగా అలమరలో ఆకుపచ్చ గుడ్డ కింద ఉండేది. తాత కఫను డబ్బులు అవి. చనిపోయినప్పుడు చుట్టే తెల్లగుడ్డకి, అత్తరుకి, గొయ్యి తవ్వే మనిషి కూలికి. జ్వరం వచ్చి మందులకి లేకపోయినా తాత ఆ డబ్బా ముట్టుకోలేదు.

మూత తీసి అందులో ఉన్నదంతా రుమాల్లో మూటగట్టి యలమంద చేతిలో పెట్టాడు.

"నాసరయ్య ఎడ్ల మీద కట్టు."

యలమంద మూట వెనక్కి చాపాడు.

"ఏంది తాతా? పందెమా? పందెం హరాం అని చెప్పింది నువ్వే గదా!"

"చెప్పా."

"మరి?"

తాత డబ్బా మూత పెట్టి, ఖాళీ డబ్బాని మళ్లీ ఆకుపచ్చ గుడ్డ కింద పెట్టాడు.

"ఆ జత మీదే ఎందుకు తాతా? ఇంకా పది జతలు ఉన్నాయి."

"దానికి లాడం కొట్టింది నువ్వు."

"ఎద్దు సంగతి ఎవరికి తెలుసు? ఓడిపోతే?"

"ఓడితే గుడ్డ లేకుండా పూడుస్తారా ఏంది? ఎవరో ఒకరు తెస్తారులే. గెలిస్తే మాత్రం మంచి మల్లుగుడ్డ తేవాలి. ముతకది నాకు గుచ్చుకుంటది."

అని నవ్వి, గోనెపట్టా దులుపుకోవటానికి బయటికి పోయాడు.

*

ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని కూచున్నాడు యలమంద. కుడి జేబులో తన డబ్బు. అది దొర ఓడాలని. ఎడమ జేబులో తాత మూట. అది దొర గెలవాలని. రెండు జేబులూ తొడలకి ఒత్తుకుంటున్నాయి.

తాతకి తెలుసు. తెలిసే ఇచ్చాడు. నన్ను పట్టుకోవటానికి ఇచ్చాడు.

తెలియదు. తెలిస్తే కఫను డబ్బు ఎవరైనా పారేసుకుంటారా?

తాత మూట కట్టకుండా జేబులోనే ఉంచి తిరిగి ఇచ్చేస్తే? ఎందుకు కట్టలేదంటే ఏం చెప్పాలి? పోనీ తాత డబ్బు కూడా ఎదురు కట్టి, గెలిచినది తెచ్చి మల్లుగుడ్డ కొనిస్తే? అప్పుడు నాసరయ్య ఎడ్లు గెలిచాయని అబద్ధం ఆడాలి. సాయంత్రానికే ఊరంతా తెలిసిపోద్ది. పోనీ తాతది పోనిచ్చి, తన లాభంలోంచి దానికి రెండింతలు ఆ డబ్బాలో పెడితే? ఇదేదో బాగుంది అనుకున్నాడు. మరి ఆ డబ్బుతో కొన్న గుడ్డ కప్పుకునేది తాతే గదా?

ఒక ముడి విప్పితే ఇంకోటి పడుతోంది. అంతలో గొల్లపాడు వచ్చేసింది. ఆటో వాడికి చిల్లర ఇవ్వటానికి ఏ జేబులో చెయ్యి పెట్టాలో తెలియక కాసేపు అట్లాగే నిలబడ్డాడు.

"దిగావుగా, ఇంకా నాతోనే వస్తావా?" అన్నాడు ఆటో అతను.

బరి చుట్టూ జనం. డప్పులు, మైకు, దుమ్ము. అప్పటికే నాలుగు జతలు లాగేశాయి. రోశయ్య తాటాకు పందిరి పక్కన నిలబడి వేళ్లతో సైగ చేశాడు, రమ్మని. యలమంద అటు నడిచాడు.

దారిలోనే దొర కనపడింది. కొమ్ములకి రంగు వేశారు, మెళ్లో కొత్త గంటలు. నాసరయ్య ఉతికిన పంచె కట్టుకుని, భుజాన ఎర్ర తువ్వాలు వేసుకుని దాని ఒళ్లు నిమురుతున్నాడు. యలమందని చూడగానే మొహం విప్పారింది.

"వచ్చావా! రా, రా. లాడాలు కొట్టిన చేత్తో ఒకసారి తట్టు, కలిసొచ్చుద్ది."

దొర కుడి వెనక కాలు ఎత్తింది. పూర్తిగా దించలేదు. గిట్ట కొన మాత్రం నేలకి ఆనించి నిలబడింది.

"గంటల మోతకి హుషారుగా ఉంది," అన్నాడు నాసరయ్య.

మైకులో పేరు పిలిచారు. "తర్వాతి జత, నాసరయ్య గారి దొర, బంగారి. సిద్ధం కావాలి."

రోశయ్య మళ్లీ సైగ చేశాడు.

"మావా," అన్నాడు యలమంద. "దొరని పడుకోబెట్టు."

"ఏందీ?"

"కుడి వెనక కాలు లాడం తియ్యాలి."

నాసరయ్య నవ్వాడు. "తాగొచ్చావురా? పేరు పిలుస్తుంటే!"

"లోపల దెబ్బ ఉంది మావా. పగులు ఉంది. బండ లాగితే గిట్ట చీలుద్ది."

నాసరయ్య నవ్వు ఆగింది. "ఎప్పుడు చూశావు?"

"గురువారం."

"గురువారం ఏం లేదన్నావు."

"అన్నా."

"చూసే అన్నావా?"

"చూసే అన్నా."

చుట్టూ మనుషులు మూగారు. "ఎవడి దగ్గరో తిన్నాడు, ఎడ్లని దింపకుండా చేస్తన్నాడు," అన్నాడొకడు. "ఎనక్కి తొయ్యండ్రా వాణ్ని," అన్నాడు ఇంకొకడు. ఎవరో చొక్కా పట్టుకుని లాగారు, గుండీ తెగింది. యలమంద కదల్లేదు. నాసరయ్య మొహం చూస్తా నిలబడ్డాడు.

మైకు రెండోసారి పిలిచింది.

నాసరయ్య భుజం మీద తువ్వాలు తీసి నేల మీద వేశాడు. "తాడు తెండి," అన్నాడు.

దొరని పడుకోబెట్టారు. యలమంద ఎవరో ఇచ్చిన పటకారుతో తను కొట్టిన మేకులు తనే పీకాడు. బాగా కొట్టినవి, ఒక పట్టాన రాలేదు. లాడం తీసి బొటనవేలితో నొక్కాడు. పగుల్లోంచి నల్లటి నీళ్లు కారాయి. వాసన వచ్చింది. చొక్కా పట్టుకున్నవాడు చెయ్యి వదిలేశాడు.

నాసరయ్య ఎర్ర తువ్వాలు మడిచి ఆ కాలు కింద పెట్టాడు. తల ఎత్తకుండా అన్నాడు.

"లే. నువ్వు లే అక్కణ్నించి."

యలమంద లేచాడు. రోశయ్య కోసం చూడలేదు. రోశయ్య కూడా అక్కడ లేడు.

*

పందిరికి వచ్చి తాత ముందు రుమాలు మూట పెట్టాడు. వేసిన ముడి వేసినట్టే ఉంది.

"కట్టలా?"

"ఎడ్లు దిగలా తాతా."

"మరి నీది?"

యలమంద ఉలిక్కిపడ్డాడు. తన డబ్బు సంగతి తాతకి అతను చెప్పనేలేదు. అయినా ప్రతి తిరునాళ్లకీ కడతాడు కదా, మామూలుగా అడిగాడేమో.

"అదీ కట్టలా."

తాత మూట విప్పి, డబ్బు డబ్బాలో పోసి, డబ్బాని ఆకుపచ్చ గుడ్డ కింద పెట్టాడు. "అన్నం తిన్నావా?" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత పందేల ఎడ్లు ఆ పందిరి వైపు రావటం మానేశాయి. లాడాల యలమంద దెబ్బ దాచిపెట్టాడు అని కొందరు, చివర్లో చెప్పాడులే అని కొందరు. దాచాడన్న మాటే ఎక్కువ దూరం పోయింది. పందిట్లో రెండు రోజులకొక జత. కొలిమి సగం రోజు చల్లగా ఉండేది. తాతకి కూడా కూలి తగ్గింది. ఆయన ఎండురొట్టె టీలో ముంచుకుని తినేవాడు. ఒక్క మాట అనలేదు.

అంటే బాగుండు అనిపించేది యలమందకి. చేసింది మంచో చెడో కూడా అతనికి తెలియటం లేదు. చెప్పకపోతే దొర కాలు పోయేది. చెప్పినందుకు తన పేరు పోయింది. మొదటే చెప్పి ఉంటే రెండూ ఉండేవి. ఇంత చిన్న లెక్క ఆ గురువారం ఎందుకు తట్టలేదు?

ఎండలు ముదిరాక ఒకరోజు నాసరయ్య వచ్చాడు. దొర ఒక్కటే వెంట ఉంది. కుంటటం లేదు.

యలమంద లేచి నిలబడ్డాడు. నాసరయ్య అటు చూడలేదు.

"తాతా, నువ్వు కొడతావని వచ్చా."

"వాడు కొడతాడు," అన్నాడు తాత.

"వాడైతే నే పోతా."

"మంచిది."

నాసరయ్య పలుపు పట్టుకుని వెనక్కి తిరిగాడు. నాలుగు అడుగులు వేసి ఆగాడు. దొర వీపు మీద చెయ్యి వేశాడు.

"ఇంకో ఊళ్లో కొట్టించా," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "వారానికే ఊడిపోయినాయి." తర్వాత అన్నాడు, "పడుకోబెట్టమను. నేను కాలు కాడే కూచుంటా."

కాలు దగ్గరే కూచున్నాడు, మెడ దగ్గర కాదు. యలమంద కత్తితో గీకాడు. సుత్తి తీసుకుని తట్టబోయి ఆగాడు.

"మావా, నువ్వూ చెవి పెట్టు."

నాసరయ్య వంగాడు. యలమంద చుట్టూ తట్టాడు. ఎండు కొబ్బరిచిప్ప. నాలుగు కాళ్లూ అట్లాగే వినిపించాడు. నాలుగో కాలు దగ్గర నాసరయ్య తనే సుత్తి తీసుకుని తట్టి చూశాడు.

తర్వాత యలమంద పందిట్లో తీగకి వేలాడుతున్న పాత లాడాలు తెచ్చి ముందర పోశాడు. "ఇవన్నీ దొరవి. చూడు, కుడికాలువి అన్నీ బయటి అంచే అరిగినాయి. బరువంతా ఆ పక్కే మోపుద్ది. పగులు అక్కడే వచ్చింది. ఈసారి ఆ పక్క మందంగా ఉండేట్టు కొట్టి ఏస్తా."

నాసరయ్య ఒక్కో ఇనప ముక్కా తిప్పి చూశాడు. "ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసు. పందేల కోసం దాచుకున్నా."

నాసరయ్య ఆ ముక్కల్ని మళ్లీ తీగకి గుచ్చాడు. "బంగారివి కూడా ఉన్నాయా?" అన్నాడు.

"ఉన్నాయి."

"రేపు తోలుకొస్తా."

అతను పోయాక యలమంద కొలిమి దగ్గర కూచున్నాడు. మూడు నెలలుగా గొంతులో ఉన్న మాట ఇక ఆగలేదు.

"తాతా, ఒకటి అడుగుతా. ఆ గురువారం దొర గిట్ట మీద తట్టినప్పుడు నీకు వినబడింది గదా?"

తాత పూసలు ఆపాడు.

"ఏం వినబడాలి?"

"శబ్దం తేడాగా వచ్చింది. నువ్వు ఇక్కడే ఉన్నావు."

"మనిషి మాట వినబడిద్ది. నువ్వు ఏం లేదన్నావు, అది వినబడింది," అన్నాడు తాత. "గిట్ట మాట వినబడక మూడేళ్లయింది."

యలమంద చేతిలో సుత్తి వైపు చూశాడు. మూడేళ్ల కింద తాత ఇచ్చిన సుత్తి.

"మరి అప్పట్నించి ఎట్లా తాతా? ఇన్ని ఎడ్లు..."

"నీ చెవితో వింటన్నా," అన్నాడు తాత. మళ్లీ పూసలు తిప్పుకోవటం మొదలుపెట్టాడు.

పందిరి ముందుకి ఇంకో ఎద్దు వచ్చింది. సంత నించి వస్తున్న సేద్యపు ఎద్దు, ముసలిది. యలమంద లేచి తాడు వేశాడు, పడుకోబెట్టాడు, మట్టి గీకాడు. చిన్న సుత్తితో గిట్ట చుట్టూ తట్టాడు. వంగి విన్నాడు.

విని, తాత వైపు తిరిగాడు.

"బాగుంది తాతా," అన్నాడు గట్టిగా.